రెండు గాట్లు

పొగ వాసన ఇంకా పోలేదు.
మూడొందల ఏళ్ళనాటి కాగితం.
ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ
కొంచెం గంధకం, కొంచెం వెనిగర్,
పక్కింట్లో ఉల్లిపాయలు మాడినట్టు.

దుబ్రోవ్నిక్ కోటగోడ వెనక
పాత కాగితాలకు మాట్లు వేసే ఉద్యోగం నాది.
పై అధికారి ఈ ఉత్తరం నా బల్ల మీద పెట్టి
"రెండు చోట్ల చిరిగింది పెరీనా, అతికించు"
అని కాఫీకి వెళ్ళిపోయాడు.

భూతద్దం కింద చూశాను.
చిరుగైతే అంచులు పీచుపీచుగా లేస్తాయి.
ఇవి లేవలేదు.
ఉలి లాంటి కత్తితో,
చెయ్యి వణకకుండా,
మడత విప్పకుండానే పెట్టిన గాట్లు.
లోపలున్న గాలికి పొగ పట్టించడానికి.

సముద్రం అంచున రాతి కొట్లు ఇప్పటికీ ఉన్నాయి.
ఓడ దిగినవాడు అక్కడే దిగాలి,
అక్కడే తినాలి,
ఊరి గంటలు వింటూ ఊరికి రాకుండా ఉండాలి.
మొదట ముప్పై రోజులన్నారు, తర్వాత నలభై.
నలభై ఎక్కడిదయ్యా అంటే
వైద్యుడి లెక్క కాదు,
పాదరీ గారి ఉపవాసాల లెక్క.

అక్కడ ఉత్తరాలకు పొగవేసే మనిషికి
పాస్కో అని పేరు పెట్టుకున్నాను.
జీతాల పుస్తకంలో అతను వేలిముద్రే,
పేరు లేదు.
మోచేతి పొడవు పటకారు, తోలు తొడుగులు,
ముందు గాటు, తర్వాత వెనిగర్, తర్వాత పొగ.
చదువు రాదు గనకే ఆ పని ఇచ్చి ఉంటారు.
ఎవరి రహస్యమైనా అతనికి తడి కాగితమే.

గాలి చెడిందన్నారు అప్పటి పెద్దలు.
శనీ గురుడూ ఒక ఇంట చేరారన్నారు.
కొండ దిగి వచ్చిన గొర్రెల కాపరిని
రాళ్ళతో తరిమారు కూడా.
పాస్కో దగ్గి దగ్గి పొగ వేస్తుంటే
అతని కాళ్ళ సందునుంచి ఎలుక ఒకటి
ధాన్యపు బస్తాల వైపు పోయే ఉంటుంది,
దాని బొచ్చులో ఆవగింజంత పురుగు.
పుండొకచోట, మందొకచోట.

అయినా నలభై రోజులు నిలబెట్టారు చూడండి,
కారణం తెలియకుండానే,
ఆ నిలబెట్టడం మాత్రం కొంత పనిచేసింది.

నవ్వుదామనుకున్నాను.
నవ్వు రాలేదు.
మొన్న మొన్ననే కదా
వరండాలో నిమ్మకాయలకు ఒక్కొక్కదానికీ
సబ్బునీళ్ళతో తలంటు పోశాను.
కరెంటు బిల్లును ఎండలో ఆరబెట్టాను,
మూడు రోజులు ముట్టుకోలేదు.
ఆస్పత్రిలో ద్రాగీట్సా పిన్నికి
గాజు ఇవతలనుంచి చెయ్యి ఊపాను.
ఆమె ఊపిందో, దుప్పటి సర్దుకుందో
ఇప్పటికీ నాకు తెలియదు.

ఉత్తరం అలెగ్జాండ్రియా నుంచి.
మైనం ధర, తోళ్ళ ధర,
ఒక గుమాస్తా మీద చాడీ.
చివర్లో మాత్రం
"నికొలేటా, చిన్నదానికి దగ్గు తగ్గిందా?
నేను" అని రాశాడు.
అక్కడ దిగింది మొదటి గాటు.
తర్వాత "లోపల తప్పకుండా వస్తాను" అని ఉంది.

ఎన్నాళ్ళ లోపల?
పండగ లోపలా, చలి లోపలా?
ఆ మాట కత్తికీ పొగకీ పోయింది.
నికొలేటా దీపం దగ్గర పట్టుకుని
ఆ సందులోంచి అటువైపు మంటను చూసి ఉంటుంది.
పాస్కోను తిట్టి ఉంటుంది.
లేదా బతికే ఉన్నాడు, చాలు, అనుకుందేమో.

జపాన్ కాగితం చింపి పెట్టుకున్నాను,
జిగురు కూడా కలిపాను.
గట్టిపడిపోయింది గిన్నెలోనే.

సాయంత్రం పట్టికలో
"నష్టం" అన్న గడి ఎదురుగా రాశాను:
చిరగలేదు. వైద్యం జరిగింది.

పై అధికారి చదివి, కళ్ళజోడు తీసి,
ఇదేం రాతమ్మా అన్నాడు.
చేతులు కడుక్కొచ్చి
మళ్ళీ చదివాడు.